కథ చెప్పిన మర్నాడు

ఆ ఇంట్లో పొద్దున్నే అందరికంటే ముందు లేచేది చీపురు. దాని వెనకాలే అమ్మ లేచేది.

ముందుగది ఊడవడానికి అమ్మకి చాలాసేపు పట్టేది. గది పెద్దదని కాదు. అద్దెకి దిగిన రోజున ఇంటాయన తాళాలు చేతిలో పెడుతూ, తరవాత మాట రాకూడదని ఉన్నవన్నీ ఉన్నట్టు చెప్పేశాడు. కొళాయిలో నీళ్ళు పొద్దునపూటే వస్తాయి, వంటింటి కిటికీ ఓ పట్టాన మూసుకోదు, ముందుగదిలో ఎవరైనా నిజం చెబితే కింద రాలుతుంది. కిటికీ సంగతికి అమ్మ మొహం చిట్లించింది. మిగతా రెండింటితో సర్దుకుపోవచ్చులే అనుకుంది.

"కూరలో ఉప్పెక్కువైంది", "చెప్పు తెగింది" లాంటి రోజువారీ నిజాలకి పిండిలాంటి దుమ్ము రాలేది. దుమ్ము లేని ఇల్లెక్కడుంది, ఊడిస్తే పోయేది. చిక్కంతా చదువుకున్నవాళ్ళ నిజాలతోనే వచ్చింది. ఆ ఇంట్లో చదువుకున్నవాళ్ళకి కొదవ లేదు మరి.

అక్క కాలేజీలో లెక్కలు చెబుతుంది. ఆవిడ ఒక సిద్ధాంతం చెప్పి, దాన్ని మొదటినుంచి చివరిదాకా నిరూపించి నోరు మూసిందంటే టంగుమని ఒక గాజుగోళీ పడుతుంది. ఎక్కడా గీత ఉండదు. చిన్నప్పుడు త్రిభుజాల పాఠం అప్పజెప్పినప్పుడు పడ్డవి కూడా ఈ రోజుకీ అరగలేదు, మసకబారలేదు. వాటిమీద కాలు జారి పడనివాళ్ళు ఇంట్లో లేరు. చివరికి నాన్న వాటిని ఏరుకుని తన రంగుల కొట్టుకి పట్టుకెళ్ళడం మొదలుపెట్టాడు. డబ్బాలో ఒక గోళీ వేసి ఊపితే అడుక్కి దిగిన రంగు చక్కగా కలుస్తుందిట.

"నా నిజాలు ఎప్పటికీ చెక్కుచెదరవు" అనేది అక్క.

"అందుకేనమ్మా, ఏ డబ్బాలో వేసినా పనికొస్తున్నాయి" అనేవాడు నాన్న. ఆయన రోజు మొత్తానికి మాట్లాడే నాలుగు మాటల్లో అదొకటి.

అన్నయ్యది వాతావరణ ఆఫీసు. వాడు "రేపు వాన పడుతుంది" అంటే ఏమీ రాలదు. "రేపు వాన పడే అవకాశం ఎక్కువ" అంటే మాత్రం ఠప్పున మంచుగడ్డ పడుతుంది. అదీ సాయంత్రానికి కరిగి మడుగు కడుతుంది, ఎందుకంటే సాయంత్రానికి గాలి మారిపోతుంది. "ఆ ఆఫీసు కబుర్లేవో గుమ్మం దగ్గర గోనెపట్టా మీద నిలబడి చెప్పరా నాయనా" అని అమ్మ మొత్తుకునేది. వాడు నిజంగానే అక్కడ నిలబడి చెప్పేవాడు. అన్నయ్య అంత మెతక మనిషి.

వదిన లాయరు. ఆవిడ ఒక్కతే ఎంత చెప్పినా ఇసుకరేణువు రాలదు. ఎవరో ఒకరు ఎదురు చెప్పాలి, దానికి ఆవిడ బదులు చెప్పాలి, అప్పుడుగానీ ఇటుక పడదు. పెళ్ళయి వచ్చిన కొత్తలో కోడలు ప్రతిదానికీ వాదన పెట్టుకుంటోందని అమ్మ తెగ బెంగపడింది. పెరట్లో నీళ్ళ డ్రమ్ముకి గట్టు కట్టడానికి సరిపడా ఇటుకలు పోగయ్యాక ఆ బెంగ తీరింది. "మా కోడలు వాదిస్తే ఇల్లు కట్టుకోవచ్చు" అని ఇరుగుపొరుగుతో గొప్పలు కూడా చెప్పుకుంది.

ఇక ఇంటికి కడగొట్టుది. ఆ అమ్మాయిని అందరూ గాలిమూట అనేవాళ్ళు.

ఆ పేరు బడి రోజుల్లో వచ్చింది. పుస్తకాల సంచీ కింద పడేస్తూనే, "ఇవాళ ఒక కుక్క గొడుగు వేసుకుని రోడ్డు దాటింది" అని మొదలుపెట్టేది. ఆ గొడుగు దానికి ఎవరిచ్చారో, వాన వెలిశాక దాన్ని మడవడానికి కుక్క ఎంత అవస్థ పడిందో చిలవలు పలవలు చేసి చెప్పేది. చెప్పడం అవగానే ఇంటిల్లిపాదీ ఆమె పాదాల వంక చూసేవాళ్ళు. అక్కడ ఏమీ ఉండేది కాదు. "ఒట్టి గాలి" అని నవ్వుకుని ఎవరి పనిలో వాళ్ళు పడేవాళ్ళు. చెప్పు తెగిందనో, ఆకలేస్తోందనో అంటే అందరికిమల్లే ఆమెకీ చిటికెడు దుమ్ము రాలేది. కథ చెబితే మాత్రం ఆపాటి కూడా లేదు.

ఎవరూ చెడ్డగా అన్నది లేదు, ముద్దుగానే అన్నారు. కానీ తను మాట్లాడుతుంటే మొహం వంక కాకుండా నేల వంక చూసే మనుషుల మధ్య పెరగడం కష్టం. ఆ కష్టం ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. పెద్దయ్యేసరికి ఆమెకే అది అలవాటైపోయింది. ఏ మాటన్నా వెంటనే తల వంచి తన కాళ్ళ దగ్గర చూసుకునేది.

అలాగని కథలు మానేసిందా అంటే అదీ లేదు. సైకిల్ షాపు మీద ఉన్న హాల్లో నాటకాలాడే ఒక చిన్న గుంపు ఉంది. వాళ్ళకి నాటకాలు రాసిచ్చేది. రాసిందల్లా ముందు ఇంట్లో సాయంత్రం టీ దగ్గర చెప్పేది. జనం వస్తున్నారు, ఇకమీదట వారం వారం ఆడదామనుకుంటున్నాం, నువ్వు వేరే పని పెట్టుకోకుండా పూర్తిగా మాతోనే ఉండాలి అని ఈమధ్యే వాళ్ళు అడిగారు. సరిగ్గా అప్పుడే అన్నయ్య ఆఫీసులో ఒక ఉద్యోగం ఖాళీ అయింది. వాన కొలిచే గాజు గొట్టం, గాలివేగం చూపించే గిన్నెల చక్రం చూసి అంకె చెప్పే పని. కడుపులో చల్ల కదలని ఉద్యోగం. రెండు పడవల మీద కాళ్ళు పెట్టడానికి లేదు. ఏదో ఒకటి రేపు పొద్దున్నకల్లా చెప్పెయ్యాలి.

ఆ సాయంత్రం అందరూ ముందుగదిలో టీ తాగుతున్నారు. నాన్న తన పేము కుర్చీలో కూర్చున్నాడు. అన్నయ్య అలవాటు ప్రకారం గోనెపట్టా మీద నిలబడ్డాడు.

"ఏమే, రేపు మా ఆఫీసరుకి ఏమని చెప్పమంటావు?"

"వస్తానని చెప్పు."

"మనస్ఫూర్తిగానే అంటున్నావా?" అంది వదిన. "మొహం చూస్తే అలా లేదే."

"మొహానికేముంది వదినా. వానగొట్టం చూసి అంకె చెబితే నేను చెప్పినదానికి కూడా ఏదో ఒకటి టప్పుమని పడుతుంది. ఆ చప్పుడు నేను ఒక్కసారైనా వినొద్దా? నా కథలకి ఈ గదిలో ఎప్పుడూ ఏమీ రాలలేదు. ఇంకా ఎన్నాళ్ళు గాలి పోగు చేస్తూ కూర్చోను?"

 అలవాటు కొద్దీ కిందికి చూసుకుంది. దుమ్ము కూడా లేదు. అందరూ చూశారు, ఎవరికీ వింతగా అనిపించలేదు.

"తొందరపడకు" అంది అక్క. "అలాగని నాటకాల్లో ఏముందో నాకు తెలీదనుకో. మా లెక్కల్లో ఒకసారి నిరూపించింది మళ్ళీ నిరూపించక్కర్లేదు, అదీ హాయి. మీ నాటకం చూసినవాళ్ళు పదిమంది పదిరకాలుగా చెబుతారు."

నాన్న గ్లాసు కింద పెట్టాడు. "నువ్వు రాస్తున్న ఆ తాళాలాయన నాటకం ఎందాకా వచ్చింది?"

"ఆఖరి రంగం కుదరలేదు నాన్నా. ఇంకెందుకులే ఇప్పుడు."

"ఉన్నంతవరకే చెప్పు."

గాలిమూట చెప్పింది. ఒక తాళాలు బాగుచేసే ఆయన. ఎంత మొండి తాళమైనా ఆయన చెయ్యి పడితే తెరుచుకుంటుంది. తాళంచెవులు పారేసుకున్నవాళ్ళందరూ ఆయన కోసం పరిగెత్తుకొస్తారు. రోజంతా ఊళ్ళోవాళ్ళ తలుపులు తీసి, సాయంత్రం తన ఇంటికి వెళతాడు. జేబులో తాళంచెవి ఉంది. లోపల ఎవరూ లేరని ఆయనకి తెలుసు. అయినా ముందు తలుపు తడతాడు. తట్టి, చెప్పులు విప్పుకుని, సంచీ భుజం మార్చుకుని, కాసేపు నిలబడతాడు. తరవాత తాళం తీసుకుని లోపలికి వెళతాడు. ఒకరోజు అలా తట్టి నిలబడితే లోపలినుంచి అడుగుల చప్పుడు వినిపిస్తుంది. అక్కడితో ఆగిపోయింది. తలుపు ఎవరు తీస్తారో రాసిన ఆమెకే తెలియదు.

 తరవాత అందరి చూపులూ ఆమె పాదాల మీదికి వెళ్ళాయి. నాన్న ఒక్కడు చూడలేదు. ఆయన చల్లారిపోయిన టీ గ్లాసులోకి చూస్తున్నాడు.

నేల శుభ్రంగా ఉంది.

"పోనీలేవే" అన్నాడు అన్నయ్య. ఓదార్పుగానే అన్నాడు. "రేపు నాతో వచ్చెయ్యి."

మర్నాడు పొద్దున్న గాలిమూట ఆఫీసుకి వెళ్ళడానికి తయారై ముందుగదిలోకి వచ్చేసరికి అమ్మ చీపురు పట్టుకుని నీళ్ళు నములుతోంది. నీళ్ళ బిందె ఎత్తబోతే మణికట్టు బెణికింది. తన చీపురు ఇంకొకరి చేతికివ్వడం అమ్మకి ససేమిరా ఇష్టం ఉండదు. గోళీలు ఒకవైపు, ఇటుకముక్కలు ఒకవైపు, మంచునీళ్ళకి ముందు పొడిగుడ్డ, అలా ఆవిడకో పద్ధతి ఉంది. అది పాడుచేస్తారని భయం.

"ఇవాళ్టికి నువ్వు ఊడ్చవే, చెయ్యి కదలట్లేదు. మూలల్లోంచి రావాలి. నాన్న కుర్చీ జరిపి ఊడ్చు, దాని కిందే ఎక్కువ ఉంటుంది" అని చీపురిచ్చి వంటింట్లోకి వెళ్ళింది.

గాలిమూట పేము కుర్చీ జరిపింది. దాని కింద గింజల్లాంటివి గుప్పెడు పడి ఉన్నాయి. ముదురు గోధుమరంగులో ఉన్నాయి, చిన్నవి నిమ్మగింజంత, ఒకటి మాత్రం రేగ్గింజకంటే పెద్దది. అవి గోళీలు కావు, ఇటుక కాదు, దుమ్ము కాదు. అరచేతిలో వేసుకుంటే గోరువెచ్చగా తగిలాయి.

"అమ్మా, ఇవేంటి?"

"అవా, మీ నాన్నవే" అంది అమ్మ వంటింట్లోంచి. "ఎన్నో ఏళ్ళనుంచి ఊడుస్తున్నాను. పొద్దున్నే కుర్చీలో కూర్చుని కునుకు తీస్తారుగా, ఆ నిద్రలో ఏదో గొణుగుతారు. పగలు నోరు విప్పని మనిషి, నిద్రలో నిజాలు కక్కేస్తారు పాపం. నేనేమీ అడగను. తీసి కిటికీలో మొక్కల కుండీల్లో పోస్తుంటాను."

"రోజూ ఉంటాయా?"

"రోజూ ఎందుకుంటాయి? నువ్వు కథ చెప్పిన మర్నాడే. కథ వింటే ఆయనకి బాగా నిద్ర పడుతుందిగా."

చీపురు ఆగిపోయింది. అమ్మ మాత్రం తను ఏం చెప్పిందో తనకే తెలియకుండా గిన్నెలు సర్దుకుంటోంది.

 గాలిమూట గబగబా వెళ్ళి గుమ్మం దగ్గర గోనెపట్టా ఎత్తి చూసింది. దాని మడతలో అలాంటివే రెండు గింజలున్నాయి. వదిన కూర్చునే ముక్కాలిపీట కింద ఒకటుంది. తను నిలబడి కథ చెప్పిన చోట ఎప్పటిలాగే ఏమీ లేదు.

అప్పుడే నాన్న కొట్టు తెరవడానికి తయారై వచ్చాడు. కూతురి అరచేతిలోకి చూసి ఆగాడు.

"నాన్నా, నువ్వు నిద్రలో మాట్లాడతావా?"

"లేదమ్మా."

"మరి ఇవి?"

ఆయన కుర్చీ అంచున కూర్చున్నాడు. 

"మీ బాబాయి, నేను కలిసి కొట్టు తెరిచేవాళ్ళం గుర్తుందా? నీకు గుర్తుండదులే, చిన్నదానివి. ఆ షట్టరు బరువు, చెరో పక్కా పట్టుకుని ఎత్తాలి. వాడు ఎప్పుడూ ఆలస్యమే. నేను నా పక్క సగం ఎత్తి పట్టుకుని నిలబడి తిట్టుకుంటుంటే, టీ గ్లాసుతో పరిగెత్తుకొచ్చి రెండో పక్క పట్టుకునేవాడు. వాడు పోయాక షట్టరుకి నూనె పెట్టించాను. ఇప్పుడు ఒక్క చేత్తో లేస్తుంది. అయినా సగం ఎత్తి కాసేపు ఆగుతాను. ఎందుకు ఆగుతున్నానో నాకే తెలీదు. నిన్న నువ్వు ఆ తాళాలాయన సంగతి చెబుతుంటే తెలిసింది. పొద్దున్నే లేచి ఇక్కడ కూర్చుని, పైకి అనకుండా అదే అనుకుంటున్నాను."

చెబుతుంటే ఆయన కాళ్ళ దగ్గర మామూలు దుమ్ము సన్నగా రాలింది. గాలిమూటకి ఏడుపొచ్చింది. బాబాయి సంగతి ఆమెకి నిజంగా తెలియదు. ఆమె ఎరిగింది తాళాలాయనని మాత్రమే.

ఈ మాటల చప్పుడుకి ఒక్కొక్కళ్ళూ గదిలోకి వచ్చారు. అమ్మ తడిచేతులతో వచ్చింది. సంగతి విని వదిన కళ్ళు మెరిశాయి.

"ఉండండి ఉండండి. ఇలా గాలివాటున ఒప్పుకుంటే ఎలా? అవి మామయ్య సొంత ఆలోచనకి రాలినవి ఎందుకు కాకూడదు? కథకేం సంబంధం?" అని, ఎవరూ ఎదురు చెప్పకపోతే తనే చిన్న ఆడపడుచు వైపు తిరిగింది. "నిన్న సాయంత్రం నువ్వో మాటన్నావు. 'నా కథలకి ఈ గదిలో ఎప్పుడూ ఏమీ రాలలేదు' అన్నావా లేదా?"

"అన్నాను."

"అప్పుడు దుమ్ము రాలిందా?"

"రాలలేదు. నేను చూసుకున్నాను."

"చెప్పు తెగిందంటే రాలే దుమ్ము, దానికెందుకు రాలలేదు?"

 జవాబు అక్క దగ్గరనుంచి వచ్చింది. "ఎందుకంటే అది నిజం కాదు కాబట్టి" అంది నెమ్మదిగా. "ఎప్పుడూ ఏమీ రాలలేదనేది తప్పయితే, ఎప్పుడో ఒకప్పుడు రాలినట్టే. నేను పిల్లలకి రోజూ చెప్పే పద్ధతే ఇది." టంగుమని ఒక గోళీ పడి అన్నయ్య కాళ్ళ మధ్యనుంచి దొర్లుకుంటూ పోయింది. దాని వెనకాలే వదిన పక్కన ఇటుక పడింది. అమ్మ పాదం వెనక్కి తీసుకుంది.

"అయితే ఇన్నాళ్ళూ మేం చూడాల్సిన చోట చూడలేదన్నమాట" అన్నాడు అన్నయ్య.

"చూడాల్సినప్పుడు కూడా చూడలేదు" అన్నాడు నాన్న. "రంగు డబ్బాలో ఉండగా చూసి ఇదే రంగని చెప్పకూడదు. గోడకి వేశాక, ఆరాక చూడాలి. అదే డబ్బా ఒక గోడమీద ఒకలా ఆరుతుంది, ఇంకో గోడమీద ఇంకోలా ఆరుతుంది. రంగు అబద్ధమనగలమా?" ఆయన పక్కన నేలమీద నీలంరంగు చుక్క ఒకటి పడింది. చూస్తుండగానే అది ఆరి, కాస్త లేతబడింది.

"అయినా నాకేమీ రాలలేదుగా" అంది అక్క. "నేనూ విన్నాను. అందరికీ వర్తించకపోతే ఎలా?"

 గోడ గడియారం వంక చూసి అన్నయ్య గోనెపట్టా మీదికి వెళ్ళి నిలబడ్డాడు. బయల్దేరే టైమైంది. చెల్లెలు తనతో రావడానికి తయారై, చేతిలో చీపురుతో నిలబడి ఉంది. వాడు కాసేపు తటపటాయించి, ఆఫీసులో మైకు ముందు నిలబడ్డట్టు గొంతు సవరించుకున్నాడు.

"గట్టిగా చెప్పలేను గానీ, నువ్వు మా ఆఫీసుకి రాకపోతేనే నీకు మంచి జరిగే అవకాశం చాలా ఎక్కువ."

మంచుగడ్డ పడింది. అంతకుముందు ఎన్నడూ పడనంత పెద్దది. అమ్మ దాన్ని చూసి నడుం మీద చెయ్యి వేసుకుంది. "సరే, సాయంత్రందాకా ఈ గదిలో ఎవరూ నడవకండి" అంది. తరవాత కూతురి దగ్గరికి వచ్చి, ఆమె మొహం వంక చూసింది. నేల వంక చూడలేదు. "ఆ కుక్క గొడుగు ఎవరిచ్చారన్నావే? ఆ మర్నాడు కూడా మీ నాన్న కుర్చీ కింద బోలెడు ఊడ్చాను నేను" అంది.

గాలిమూట నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. చీపురు అమ్మకిచ్చేసింది. సైకిల్ షాపు హాలుకి దారి నాన్న కొట్టు మీదుగానే పోతుంది. "ఆగు నాన్నా, నేనూ వస్తున్నా" అని చెప్పులు వేసుకుంది.

ఆమె గుమ్మం దాటుతుంటే ముందుగదిలోనే అక్క గోడ అద్దం ముందు జడ వేసుకుంటోంది. "అవునే" అని పిలిచింది. "ఆ తాళాలాయన తాళంచెవి చేతిలో ఉంచుకుని కూడా ఎందుకు..." అని, సగంలోనే ఆగిపోయింది. జవాబు అడగలేదు. కాసేపటికి ఆవిడ కాళ్ళ దగ్గర చిన్న గింజ ఒకటి పడింది. అక్క వంగి దాన్ని తీసుకుని, ఎవరూ చూడకుండా గుప్పిట్లో మూసుకుంది.

వీధిలో ఎండ లేతగా ఉంది. పాలవాడు, పేపరువాడు వెళ్ళిపోయారు, కొట్లు ఒక్కొక్కటే తెరుస్తున్నారు. తండ్రీ కూతుళ్ళు పెద్దగా ఏమీ మాట్లాడుకోకుండా నడిచారు. రంగుల కొట్టు ముందు నాన్న తాళం తీసి, వంగి, ఎడమపక్క పట్టుకుని షట్టరు సగం ఎత్తాడు. ఎత్తి ఆగాడు. ఆ ఆగడం ఆమె ఎన్నిసార్లు చూసి ఉంటుందో. ఏదో నడుంనొప్పి అనుకునేది ఎప్పుడూ.

ఆమె కుడిపక్కకి వెళ్ళి షట్టరు అంచు పట్టుకుంది.

"ఆలస్యంగా వచ్చావు" అన్నాడు నాన్న. నవ్వుతున్నాడు.

"వచ్చానుగా" అంది ఆమె.

ఇద్దరూ కలిసి ఎత్తారు. షట్టరు గలగలమంటూ పైదాకా పోయింది. తన నాటకంలో తలుపు ఎవరు తీయాలో ఆ చప్పుడులో ఆమెకి తెలిసింది. అది కొట్టే గానీ ఇంట్లో ముందుగది కాదు కాబట్టి అక్కడ ఏమీ రాలదు. ఆ సంగతి ఆమెకి గుర్తు కూడా రాలేదు, కిందికి చూసుకోలేదు. నాన్న మొహం వంకే చూస్తూ, చేతులకంటిన తుప్పు దులుపుకుని, సైకిల్ షాపు వైపు నడిచింది.